గ్రేట్ లేక్స్ ఐస్ చార్ట్ సర్వీస్ రివ్యూ: శాతం పక్కనబెట్టి గుడ్డు చూడుండ్రి

రేటింగ్ ముందే చెప్పేస్త, 5కి 4.5. ఆ సగం ఎందుకు కోసిన్నో మధ్యల వస్తది.

సర్వీస్ ఏందంటే, అమెరికాకి కెనడాకి నడుమ అయిదు పెద్ద సరస్సులు ఉన్నయి కదా, సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఎరీ, ఒంటారియో, చలికాలంల వాటి మీద ఐస్ ఎక్కడ పట్టింది, ఎంత దట్టంగ పట్టింది, ఎంత మందం ఉండొచ్చు, ముక్కలు ఎంతెంత సైజుల ఉన్నయి, ఇవన్నీ మ్యాప్ గీసి నెట్ల పెడ్తరు. పైసా కట్టేది లేదు, లాగిన్ లేదు, యాడ్స్ లేవు. మూడు చోట్ల దొరుకుతది. ఒకటి యూఎస్ నేషనల్ ఐస్ సెంటర్, అమెరికా నేవీ, కోస్ట్ గార్డ్, నోవా అనే వాతావరణ సంస్థ ముగ్గురు కలిసి మేరీలాండ్‌ల నడిపే ఆఫీసు. రెండోది ఒట్టావాల ఉండే కెనడియన్ ఐస్ సర్వీస్. వీళ్లిద్దరు 2003 నుంచి నార్త్ అమెరికన్ ఐస్ సర్వీస్ అని జట్టు కట్టి పని పంచుకుంటున్నరు. మూడోది మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్ల ఉన్న గ్లెర్ల్ అనే నోవా ల్యాబ్, 1974ల పెట్టిండ్రు, ఆ చార్ట్‌లల్లకెల్లి లెక్కలు తీసి గ్రాఫ్‌లు, పాత రికార్డులు, ముందు రోజుల అంచనాలు పెట్టేది వీళ్లు. నేను రోజూ వాడేది మూడు గూడ, ఒక్కొక్కటి ఒక్కో పనికి.

నల్లగొండల కూసొని ఐస్ చార్ట్‌కి రివ్యూ ఏందిరా బై, మనకు ఐస్ అంటే పెండ్లిళ్లకు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచుల తెచ్చే దిమ్మలే కదా అని నవ్వేటోళ్లు నవ్వుండ్రి. నాది నైట్ షిఫ్ట్ పని, అక్కడి సరుకు ఓడల ట్రాకింగ్ ఇక్కడ్నుంచి చేస్తం, ఏ షిప్ యాడుంది, ఏ రేవుకి ఎప్పుడు చేరుతది, లేటైతే ఎవరికి మెయిల్ కొట్టాలె, గంతే. ఎండాకాలం ఈ పని నిద్రల ఉండి చేసినా నడుస్తది. డిసెంబర్ ఆఖరు నుంచి మాత్రం ప్రతి ఈటీఏ, అంటే ఓడ రేవుకి చేరే అంచనా టైం, ఐస్ చేతిల ఉంటది. సుపీరియర్‌కి హ్యూరాన్‌కి నడుమ సూ లాక్స్ అని గేట్లు ఉంటయి, ఇనుప ఖనిజం గుళికలు మోసే వెయ్యి అడుగుల ఓడలు ఆడ్నించే దిగాలె, మామూలుగ జనవరి 15కి మూసి మార్చి 25కి తెరుస్తరు. మూసే ముందు రెండు మూడు వారాలు, తెరిచినంక నాలుగైదు వారాలు, ఆ టైంల చార్ట్ చూడకుంట ఈటీఏ ఇచ్చుడంటే లాటరీ టికెట్ కొన్నట్టే.

ముందుగాల ఈ సరస్సుల సైజు అర్థం కావాలె, లేకుంటే చార్ట్ ఎందుకంత పెద్ద పనో తెల్వది. అయిదు కలిపి దాదాపు 2,44,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ మొత్తం 1,12,000. అంటే రెండు తెలంగాణలు నీళ్లల్ల ముంచినా ఇంకా జాగా మిగుల్తది. మల్ల అయిదూ ఒక్క తీరుగ గడ్డకట్టవ్. ఎరీ సరస్సు లోతు తక్కువ, ఎక్కువల ఎక్కువ 64 మీటర్లు, సగటున 19 మీటర్లే, చలి మొదలైతే తొందరగ చల్లబడి తొందరగ ఐస్ పడ్తది, మామూలు ఏడాదిల ఎనభై శాతం దరిదాపుల దాకా పోతది. ఒంటారియో దానికంటె చిన్నదే, పైగ పక్కపక్కనే ఉంటయి, కానీ 244 మీటర్ల లోతు, అందుకని ముప్పై శాతం దగ్గరనే ఆగిపోతది. కారణం సింపులే, నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటె బరువుంటయి, పైన చల్లబడ్డ నీళ్లు కిందికి దిగుతయి, కింద వెచ్చగున్నవి పైకొస్తయి, ఇట్ల పైనుంచి కింది దాకా మొత్తం 4 డిగ్రీలకి వస్తే గాని పైపొర గడ్డకట్టే దిక్కు పోదు. లోతున్న సరస్సుల ఈ తిరుగుడు అయ్యేసరికి చలికాలం సగం అయిపోతది. సుపీరియర్ 406 మీటర్లు, అది ఫిబ్రవరి ఆఖరు, మార్చి దాకా లాగుతది.

ఇగ అసలు ముచ్చట. జనవరి రాంగనే వార్తలల్ల, స్టేటస్‌లల్ల ఒకటే నంబర్ తిరుగుతది, "గ్రేట్ లేక్స్ ఇన్ని శాతం గడ్డకట్టినయ్" అని. గ్లెర్ల్ గ్రాఫ్ నుంచే తీస్కుంటరు అది. గ్రాఫ్ మంచిగనే ఉంటది, కాదనను. 1973 నుంచి రికార్డు ఉంది, ప్రతి ఏడాది ఎక్కువల ఎక్కువ ఎంత పోయిందో సగటు తీస్తే 53 శాతం దగ్గర వస్తది, 1979ల 94.7 దాకా పోయింది, 2014ల 92 దాటింది, అదే 2024ల 16 దగ్గరనే ఆగిపోయింది. చూడబుద్ధి అయితది. కానీ ఈ శాతం పట్టుకొని పని చేసేది ఏం లేదు. సాగర్ల 590 అడుగుల ఫుల్ లెవెల్ ఉందని పేపర్ల చదివి ఎడమ కాల్వ చివరి మడికి నీళ్లు అందుతయా లేదా చెప్పగలమా, ఇదీ గట్లనే. ఆ శాతం అంటే ఉత్త విస్తీర్ణం. పొద్దున చలికి పట్టి మధ్యాహ్నం గాలికి పగిలిపోయే రెండు మూడు సెంటీమీటర్ల పొర గూడ అందుల లెక్కనే, ఐస్‌బ్రేకర్‌కి, అంటే ఐస్ పగలగొట్టే ఓడకి గూడ కష్టమయ్యే డెబ్బై సెంటీమీటర్ల దిమ్మ గూడ అందుల లెక్కనే. పైగ ఐస్ సరస్సు నట్టనడుమ ఉందా, ఓడలు పోయే దారిల ఉందా, రేవు నోట్ల కుక్కుకొని ఉందా, ఆ నంబర్ నోరు విప్పదు. మొత్తం 20 శాతమే ఉన్న రోజున సూ లాక్స్‌కి పైన సుపీరియర్ మూలల ఉండే వైట్‌ఫిష్ బే దగ్గర ఓడలు లైన్ కట్టి నిలబడొచ్చు, 60 ఉన్న రోజు హాయిగ పోవచ్చు.

చెప్పేదంతా చార్ట్‌లనే ఉంది, చార్ట్‌ల గుడ్డు ఉంటది. నిజంగనే గుడ్డే, కోడిగుడ్డు ఆకారంల ఒక గీత, లోపల నాలుగు వరుసల అంకెలు, ఎగ్ కోడ్ అంటరు, ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన పద్ధతి, ఆర్కిటిక్ సముద్రం చార్ట్‌ల మీద గూడ ఇదే ఉంటది. మ్యాప్ మీద ఐస్‌ని ఏరియాలుగ కోస్తరు, ఒక్కో ఏరియాకి ఒక గుడ్డు. ఉదాహరణకి ఒక గుడ్డు చదువుదం. పై వరుసల 8 ఉంది. అంటే ఆ ఏరియాల పదింట్ల ఎనిమిది వంతులు ఐస్, రెండు వంతులు నీళ్లు. కింద 3, 5 అని ఉంది. ఆ ఎనిమిది ఎట్ల పంచుకున్నదంటే మూడు వంతులు ఒక రకం, అయిదు వంతులు ఇంకో రకం, మందంగ ఉన్నది ఎప్పుడూ ఎడమ పక్కకి. మూడో వరుస 5, 4. ఇది ఐస్ వయసు అనుకోండ్రి, సరస్సు ఐస్‌కి వేరే టేబుల్ ఉంటది, 1 అంటే కొత్తది 5 సెంటీమీటర్ల లోపు, 4 అంటే పల్చనిది 5 నుంచి 15, 5 అంటే మధ్యస్థం 15 నుంచి 30, 7 అంటే మందం 30 నుంచి 70. అంటే మన గుడ్డుల మూడు వంతులు 15 నుంచి 30 సెంటీమీటర్లది, అయిదు వంతులు దానికంటె పల్చనిది. ఆఖరు వరుస 4, 3. ముక్కల సైజు, మధ్యస్థం 100 నుంచి 500 మీటర్లు, చిన్నది 20 నుంచి 100 మీటర్లు. గంతే, గుడ్డు అయిపోయింది. పెద్ద ఓడ దీనిల సొంతంగ పోగలదు, స్పీడ్ తగ్గుతది అంతే, ఈటీఏకి రెండు మూడు గంటలు కలిపి మెయిల్ కొడ్త. ఇదే గుడ్డుల పైన 9 ప్లస్ (దాదాపు పూర్తిగ కప్పినట్టు) ఉండి మూడో వరుసల 7 ఉంటే మాత్రం నేను ఈటీఏ ఇయ్యను, ఐస్‌బ్రేకర్ షెడ్యూల్ చూసి చెప్త అంట.

ఇగ ఆ సగం స్టార్ సంగతి. 70 సెంటీమీటర్లు దాటిన మస్తు మందం ఐస్‌కి కోడ్ ఏందో తెలుసా? 1 పక్కన చుక్క. ఉత్త 1 అంటే 5 సెంటీమీటర్ల లోపు కొత్త పొర, 1 పక్కన చుక్క పెడితే అన్నిటికంటె మందం. ఒక్క చుక్క తేడా! ఓడ బ్రిడ్జి మీద పెద్ద కాయితం మీద ప్రింట్ తీసి భూతద్దం పెట్టుకొని చూసేటోళ్లకు పర్వాలేదు, ఫోన్ల జూమ్ చేస్కుంట చూసేటోనికి ఆ చుక్క స్క్రీన్ మీద దుమ్మా, కోడా అర్థం కాదు. రూల్ చేసిన కాలంల ఫోన్లు లేవు, ఒప్పుకుంట, కానీ చుక్క చుక్కే.

ఇంకోటి రంగులు. మా టీంల మిర్యాలగూడ నుంచి కొత్తగ చేరిన పిల్లగాడు ఒకడున్నడు, మొదటి చలికాలం, చార్ట్ తెరిచి ఫోన్ చేసిండు.

"అన్నా, ఎరీ మొత్తం ఎర్రగుందే, షిప్‌లు ఆగిపోయినట్టేనా?"

"గుడ్డు ఏమంటుంది తమ్మీ?"

"ఎర్రగుందన్నా…"

"రంగు కాదు రా, లోపల అంకె చదువు."

చదివిండు, పైన 9 ప్లస్, కింద 4. పల్చని పొర, ఓడ పోతుంటే పాపడం ఇరిగినట్టు ఇరుగుతది. రంగులు మందానికి పెట్టరు, ఎంత మేర కప్పింది అన్నదానికి పెడ్తరు. పదింట్ల ఒకటి నుంచి మూడు వంతులు ఆకుపచ్చ, నాలుగు నుంచి ఆరు పసుపు, ఏడు ఎనిమిది నారింజ, తొమ్మిది పది ఎరుపు, ఒడ్డుకి అతుక్కొని కదలకుంట ఉండే ఐస్‌కి బూడిద రంగు. సిగ్నల్ లైట్లు చూసి పెరిగిన మనకు ఎరుపు అంటే ఆగు అనే బుర్రల ఉంటది కాబట్టి కొత్తోళ్లు అందరు ఇక్కడ్నే పడ్తరు. నిజం చెప్పాల్నంటే ఓడలోళ్లకు ఎరుపు కంటె ఆ బూడిద రంగు అంచే పెద్ద తలకాయ నొప్పి, రేవు లోపల, నది మూతిల అదే ఉంటది.

ఈ గీసుడు ఎట్ల చేస్తరు అన్నది తెలిస్తే సర్వీస్ మీద గౌరవం పెరుగుతది, నాకైతే పెరిగింది. ఆ సరస్సుల మీద చలికాలం అంతా మబ్బే. చల్లగాలి వెచ్చని నీళ్ల మీదికెల్లి పోతుంటే ఆవిరి లేసి మబ్బులు కట్టుకుంటనే ఉంటయి. మామూలు శాటిలైట్ ఫోటోల వారం రోజులు తెల్లటి దుప్పటి తప్ప ఏం కనపడదు, అది మబ్బా ఐసా గూడ తెల్వది. అందుకని రాడార్ శాటిలైట్లు వాడ్తరు. 1970లల్ల విమానాలకు రాడార్ కట్టి తిప్పేది, 1995ల కెనడా రాడార్‌శాట్ పంపింది, 2007ల రెండోది, 2019 జూన్ల మూడు శాటిలైట్ల గుంపు ఒకేసారి పోయింది, యూరప్ వాళ్ల సెంటినెల్-1 గూడ పనికొస్తది. రాడార్‌కి మబ్బు అడ్డం కాదు, చీకటి అడ్డం కాదు. ఇది మనకు కొత్త టెక్నాలజీ ఏం కాదు, మన ఇస్రో 2022 ఫిబ్రవరిల పంపిన ఈవోఎస్-04 గూడ ఇదే రకం రాడారే. పాత మన మహబూబ్‌నగర్ జిల్లాల ఉండె షాద్‌నగర్, అక్కడ ఇస్రో కింద ఉండే శాటిలైట్ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల పెద్ద పెద్ద డిష్‌లు ఉంటయి చూసిన్రా, రైలుల పోయేటోళ్లల్ల ఎంతమందికి తెలుసో గాని మన దేశం శాటిలైట్ చిత్రాలు దిగేది ఆడనే. వరదలప్పుడు ఏ పొలాలు మునిగినయో ఇసొంటి రాడార్ చిత్రాలు చూసే మ్యాప్ చేస్తరు, నిలకడ నీళ్లు రాడార్‌కి నల్లగ కనపడ్తయి.

అక్కడ ఐస్ గీసేటోళ్లకు చిక్కు గూడ ఆ నల్లరంగు తోనే. గాలి లేని రోజు నీళ్లు నల్లగుంటయి, కొత్తగ పట్టిన నున్నటి ఐస్ గూడ నల్లగనే ఉంటది, రెండిటికి తేడా పట్టుడు కష్టం. గాలి లేస్తే నీళ్ల మీద చిన్నచిన్న అలలు లేస్తయి, అప్పుడు నీళ్లు తెల్లగ మెరుస్తయి, గరుకు ఐస్ లెక్కనే. కంప్యూటర్‌కి వదిలేస్తే తుఫాన్ రోజు సరస్సు మొత్తం ఐస్ అనేస్తది. అందుకే మనిషి కూసొని, ఆ పూట గాలి ఎంత ఉండె, నిన్నటి చార్ట్ ఏం చెప్పింది, ఎన్ని రోజుల నుంచి సున్నా కింద ఉంది, ఓడలోళ్లు ఏమని రిపోర్ట్ చేసిండ్రు, ఒడ్డు మీద కెమెరాల ఏం కనపడ్తుంది, ఇవన్నీ పెట్టుకొని చేత్తోని గీత గీస్తడు. మందం గూడ చాలామటుకు ఇట్ల అంచనానే, ఎవరూ పోయి ప్రతి చోట బొక్క కొట్టి కొలువరు. అన్నిట్లకి ఏఐ పెడ్తున్న ఈ రోజులల్ల ఆ గీతల మీద నాకు నమ్మకం ఎందుకంటే అది ఒక మనిషి ఆలోచించి గీసింది అని తెలుస్తది. ఏరియాలు గూడ చూడుండ్రి, తెలిసిన కాడ వంకరటింకర ఒడ్డు లెక్క సన్నగ గీస్తరు, అంత తెల్వని కాడ పెద్ద ఏరియా ఒకటే గుడ్డు పెడ్తరు. గీత తీరు చూస్తేనే ఎంత నమ్మాల్నో అర్థం అయితది.

కానీ చార్ట్‌కి ఒక టైం ఉంటది, అది మర్చిపోతే మునిగినట్టే. కెనడా రోజువారీ చార్ట్ 18:00 యూటీసీకి ఉన్న పరిస్థితి చెప్తది, మన టైం రాత్రి పదకొండున్నర. గీసిన శాటిలైట్ చిత్రం దానికంటె ముందుదే కదా. సుపీరియర్ నడుమ అయితే కొన్ని గంటల్ల పెద్ద తేడా రాదు, ఎరీల వస్తది, బాగా వస్తది. తక్కువ లోతు, పొడుగ్గ పడమర నుంచి తూర్పుకి పరుచుకొని ఉంటది, పడమటి గాలి గట్టిగ కొడితే సగం సరస్సు ఐస్ ఒక్క పూటల తూర్పు మూలకి తోసుకపోయి బఫెలో దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్ప పడ్తది. 2019 ఫిబ్రవరిల ఆ గాలికి ఐస్ ఒడ్డెక్కి ఇండ్ల ముందట గోడలు లేసినయి. 2025 జనవరిల మానిటూలిన్ అనే కెనడా ఓడ బఫెలోల గోధుమలు దించి తిరుగుపయనంల ఇట్లనే ఇరుక్కుంది, 663 అడుగుల ఓడ, పదిహేడు మంది సిబ్బంది, రెండు దేశాల కోస్ట్ గార్డ్‌లు వచ్చి పగలగొడితే గాని మూడు రోజులకు బయటపడలే. ఇసొంటి కాడ ఉత్త చార్ట్ పనికిరాదు, చార్ట్ పక్కన గాలి ఫోర్‌కాస్ట్ తెరిచి పెట్టుకోవాలె. నేను ఎరీ తూర్పు దిక్కు షిప్‌లకు చార్ట్ కంటె గాలినే ముందు చూస్త.

గాలి లెక్క పెట్టుకొనే ముందు రోజులు చెప్పేది గ్లెర్ల్ వాళ్ల మోడల్, అయిదు రోజుల దాకా ఐస్ ఎంత మేర, ఎంత మందం అని కంప్యూటర్ లెక్క చూపిస్తది, బొమ్మ కదుల్తది గూడ. దిశ బాగనే చెప్తది, ఐస్ ఏ మూలకి పోతుంది, పెరుగుతుందా తరుగుతుందా అన్నది. ఫలానా రేవు నోరు గురువారం తెరుచుకుంటదా అనే ప్రశ్నకి దాన్ని అడగొద్దు, అంత దగ్గరి పనికి అది లేదు. వాళ్లే గూడ సరస్సు నీళ్ల ఉష్ణోగ్రత మ్యాప్ ఒకటి పెడ్తరు, నవంబర్, డిసెంబర్‌ల నాకు దాని మీదనే కన్ను, ఎక్కడ నీళ్లు సున్నా దగ్గరికి దిగుతున్నయో అక్కడ వచ్చే చలిగాలికి ఐస్ లేసుడు ఖాయం.

ఈ చార్ట్‌లు ఓడలోళ్లకే అనుకుంటిమి గాని వాడేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నయాగరా నది మొదట్ల, ఎరీ నీళ్లు బయటికి పోయే కాడ, 1964 నుంచి ప్రతి చలికాలం ఐస్ బూమ్ అని తేలే అడ్డుకట్ట కడ్తరు, దాదాపు 2.7 కిలోమీటర్ల పొడుగు, లేకుంటే ఐస్ కొట్టుకొచ్చి కరెంటు తయారు చేసే ప్లాంట్ల నీటి మూతులు మూసేస్తది. దాన్ని ఎప్పుడు తీయాలె అన్నదానికి రూల్ ఉంది, ఏప్రిల్ 1కి తీసుడు మొదలుపెట్టాలె, ఎరీ తూర్పు భాగంల ఐస్ 250 చదరపు మైళ్ల కంటె ఎక్కువ మిగిలుంటే ఆగొచ్చు. ఆ 250 చదరపు మైళ్లు లెక్క కట్టనీకి శాటిలైట్ చిత్రాలు, ఇసొంటి ఐస్ మ్యాప్‌లు పనికొస్తయి. ఐస్ గీతకి కరెంటు ప్లాంట్ల కాడ గూడ పని ఉండుడు నాకు చాన నచ్చింది.

మాకినా దీవి గురించి గూడ చెప్పాలె. హ్యూరాన్, మిషిగన్ కలిసే కాడ చిన్న దీవి, చలి గట్టిగ ఉన్న ఏడాది దీవికీ సెయింట్ ఇగ్నేస్ ఊరికీ నడుమ నీళ్లు గడ్డకడ్తయి, ఊరోళ్లు పండుగ అయిపోయినంక పారేసే క్రిస్మస్ చెట్లు తెచ్చి ఐస్ మీద వరుసగ పాతి దారి గుర్తు పెట్టుకుంటరు, స్నోమొబైల్ మీద ఆ చెట్ల వెంబడి పోతరు. ఐస్‌బ్రేకర్ వస్తే వాళ్ల రోడ్డు పోయినట్టే. చార్ట్‌ల అక్కడ బూడిద రంగు చూస్తే నాకు చెట్ల వరుసే గుర్తొస్తది. కానీ చేపలు పట్టేటోళ్లు, ఐస్ మీద నడిచేటోళ్లు ఈ చార్ట్ చూసి నడవొద్దు, గట్టిగ చెప్తున్న. అది కిలోమీటర్ల లెక్క, మీ కాలు కింద ఏముందో చెప్పదు. 2009 ఫిబ్రవరిల ఎరీ పడమటి మూల ఒహాయో ఒడ్డు దగ్గర ఐస్ పెద్ద ముక్క గాలికి విరిగి లోపలికి కొట్టుకపోయింది, మీద చేపలు పట్టేటోళ్లు వంద మందికి పైనే ఉండె, హెలికాప్టర్లు, పడవలు వచ్చి తెచ్చినయి, ఒకాయన చనిపోయిండు. మన పిల్లలు చదువుకోనీకి పోయినోళ్లు ఆ ఊర్లల్ల చాన మంది ఉన్నరు, డిసెంబర్ల సరస్సు మీద నిలబడి ఫోటోలు దిగుతరు, అది పంపినప్పుడు బాగుందిరా అని లైక్ కొట్టే ముందు లోకల్ వాళ్లను అడిగి దిగినవా అని ఒక మాట అడుగుండ్రి.

బఫెలో, క్లీవ్‌లాండ్ దిక్కు మనోళ్లు ఉన్న ఇండ్లకు మాత్రం చార్ట్‌తోని ఒక పనికొచ్చే లాభం ఉంది. అక్కడ పడే భారీ స్నోకి పెద్ద కారణం సరస్సే. చల్లగాలి తెరిచున్న నీళ్ల మీదికెల్లి పోయి ఆవిరి తాగి ఒడ్డెక్కంగనే దింపేస్తది, 2022 నవంబర్ల బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్‌ల 80 అంగుళాలు పడ్డది, అంటే ఆరున్నర అడుగులకు పైనే, మనిషి మునిగేంత. అప్పుడు ఎరీ మీద ఐస్ లేదు, ఇంకా వెచ్చగుండె. అదే ఎరీ దట్టంగ గడ్డకడితే ఆవిరికి మూత పడ్తది, స్నో బాగా తగ్గుతది. చార్ట్‌ల ఎరీ మొత్తం ఎర్రబడ్డదంటే బఫెలోల ఉన్న బిడ్డకు ఫోన్ చేసి ఇగ కొంచెం నయం అనొచ్చు. ఒంటారియో తూర్పు దిక్కు ఉన్నోళ్లకు ఆ అదృష్టం లేదు, అది పెద్దగ గడ్డకట్టదు కదా, స్నో మార్చి దాకా పడుతనే ఉంటది.

పాత రికార్డుల సంగతి జర చెప్పి ముగిస్త. గ్లెర్ల్ల 1973 నుంచి డేటా మొత్తం డౌన్‌లోడ్ చేస్కోవచ్చు, కాలేజీ ప్రాజెక్టులకు వెతికేటోళ్లకు బంగారం. మొత్తం మీద ఐస్ తగ్గే దిక్కే ఉంది గాని సాఫీగ తగ్గలే, 2012ల 13 శాతం దగ్గర, రెండేండ్లకే 2014ల 92, మే ఆఖరుకి గూడ సుపీరియర్ మీద ముక్కలు తేలుతనే ఉండె, 2015ల 88, 2019ల 80, మల్ల 2020ల 20 లోపు. ఒక్క ఏడాది చూపెట్టి ఏదన్న వాదించేటోన్ని నమ్మకుండ్రి, ఏ దిక్కు వాదించినా సరే. జపాన్ల సువా సరస్సు ఎప్పుడు గడ్డకట్టిందో అక్కడి గుడి పూజారులు 1443 నుంచి రాసిపెట్టిండ్రు, అట్ల చూస్తే ఈ యాభై ఏండ్ల గ్రాఫ్ పసిగుడ్డే, కానీ సువాల రాసింది ఒక్క తారీఖు, ఇక్కడ ప్రతి రోజు ప్రతి మూల ఉంటది.

కెనడాదా అమెరికాదా అని అడిగితే, గుడ్డు చదవాల్నంటే కెనడాది, గీత స్పష్టంగ ఉంటది. మ్యాప్ సాఫ్ట్‌వేర్ల ఏసుకొని లెక్కలు కట్టేటోళ్లకు అమెరికాది, ఫైళ్లు అన్ని రకాలల్ల ఇస్తరు. గ్రాఫ్ చూసి ఎవరికన్న చూపియ్యాల్నంటే గ్లెర్ల్.

ఇగ ఆఖరుది, పైసలిచ్చి కొనే యాప్‌ల గురించి. పేరు చెప్పను, మా టీంల ఒకరిద్దరు నెలకింత అని కడ్తున్నరు, ఐస్ మ్యాప్ రంగురంగులుగ, వేలు పెడితే తిరిగేటట్టు, చూడ్డానికి బ్రహ్మాండంగ ఉంటది. కానీ గుడ్డు తీసేసిండ్రు, నాలుగు వరుసల అంకెలు తీసి ఒకటే రంగు పూసిండ్రు, పల్చనిదీ మందందీ ఒక్కటే ఎరుపు, చార్ట్ టైం ఏందో గూడ కనపడదు. రెన్యూవల్ తారీఖు వచ్చే ముందు ఒక్కసారి యాప్ అడుగున చిన్న అక్షరాలల్ల డేటా ఎక్కడిదో రాసి ఉంటది, అది చదువుండ్రి. ఈ ఫ్రీ చార్ట్ పేరే ఉంటే కార్డ్ తీసి పక్కకు పెట్టుండ్రి.